పాట మధ్యలో మాత్ర

తెల్లారి నాలుగున్నరకి
ఫిషింగ్ హార్బరు గట్టు మీద
నా గొంతు కంటే ముందు నా మాత్ర లేస్తాది.

చిన్న తెల్ల బిళ్ళ, ఒక బిస్కెట్టు,
స్టీలు గ్లాసులో నీళ్ళు.
తల ముందుకు వంచి మెల్లగా మింగమన్నారు.
అప్పటిదాకా నా కుడి కంటి రెప్ప
సగం దించిన షాపు షట్టరు.

ఐదింటికి షట్టరు లేస్తాది.
డాల్ఫిన్ నోస్ కొండ మీద దీపం
రెండుగా కాదు, ఒక్కటే అవుతాది.
అప్పుడు పెడతాను పాట.

"కోనెం బుట్ట! రెండువేలు, రెండువేలా నూరు,
రెండువేలా రెండొందలు, ఆపై ఎవురు?"
ఇరవై రెండేళ్ళు.
మైలపల్లి కాసులమ్మ పాడుతుందంటే
బోటు ఇంజన్ని ఆపేసేవారు, అంకె వినబడదని.

మూడేళ్ళ కిందట మొదట అంకెలే జారాయి.
మూడువేలు అంటే ముక్కులోంచి
మూనువేలు అని వచ్చింది.
తాగొచ్చిందన్నారు కొందరు.
దిష్టన్నాది మా ఆడపడుచు.
అన్నం ముద్ద నమల్లేక
దవడని అరచేత్తో మోసుకుని
కంచం ముందు కూచునేదాన్ని.

కేజీహెచ్ మెట్లెక్కడానికి మూడుసార్లు కూలబడ్డాను.
"పైకి చూడు, చూస్తానే ఉండు" అన్నాది ఇందుమతి డాక్టరమ్మ.
నిమిషం నిండలేదు, రెప్పలు రెండూ
గాలి పడిపోయిన తెరచాపలు.

"నరం కేకేస్తాది కాసులమ్మా, కండ వినటంలేదు.
నువ్వు పాట పెడితే కొనేవాళ్ళంతా
చెవులు మూసుకున్నట్టు.
ఈ బిళ్ళ ఆ కేకని
కాసేపు గాలిలో నిలబెడతాది.
నయం చెయ్యదు. నిలబెడతాది."

ఆ మాట నాకు అర్థమైనంతగా
ఆ ఆసుపత్రిలో ఇంకెవరికీ అర్థమై ఉండదు.

అయినా తప్పు చేశాను.
వేట సెలవులు తీరి
బోట్లన్నీ ఒక్కసారే ఒడ్డుకు కట్టిన రోజు
ఒకటి వేసుకోవాల్సిన చోట మూడు వేసుకున్నాను.
పాట పెరిగితే రేటు పెరుగుద్ది కదా,
మాత్రకీ అదే లెక్క అనుకున్నాను.

గంట తిరక్కుండా కడుపు మెలిపెట్టింది.
నోట్లో ఊట, ఒళ్ళంతా చెమట.
తొడ మీద కండ
బుట్టలోని చేప తోకలాగ
దానంతటదే కొట్టుకుంది.
ఆ తర్వాత ఊపిరి పిడికెడే మిగిలింది.

తక్కువైతే వచ్చే నీరసమే
ఎక్కువైనా వచ్చింది.
అదే చీర కట్టుకుని, అదే మొహం పెట్టుకుని.

మా చెల్లెలి కొడుకు ఎర్రాజీ ఆటోలో పడేసి తీసుకెళ్ళాడు.
నాలుగు రోజులకి మాట వచ్చాక అమ్మ తిట్టింది:
"అది ఏ నీరసమో నువ్వు తేల్చకు.
మింగుడు పడకపోతే, ఊపిరాడకపోతే
బిళ్ళ దగ్గరికి పరిగెత్తకు, ఇక్కడికి రా."

ఇప్పుడు రొంటిన చిల్లరతోపాటు
ప్లాస్టిక్ కవర్లో పసుపు చీటీ.
మొన్న దగ్గొస్తే పూర్ణా మార్కెట్ పక్క మందులషాపులో
కుర్రాడు ఏదో చీటీ లేకుండానే ఇవ్వబోయాడు.
నా పసుపు చీటీ చూపించాను.
పెదాలు కదుపుతూ చదివాడు,
ఎవరికో ఫోన్ చేశాడు,
ఇచ్చిన బిళ్ళలు వెనక్కి లాక్కున్నాడు.
"ఇవి మీకు పడవమ్మా."
పేరడగలేదు.
నిన్న రెండు చందువలు కాగితంలో చుట్టి ఇచ్చొచ్చాను.

ఎనిమిదిన్నరకి నా జాకెట్లో ఫోను మోగుతాది.
గట్టంతా తెలుసు.
"ఉండండెహె, అమ్మ మాత్రేసుకుంటాది."
అంకె గాలిలో ఆగుతాది. ఐసు కరుగుతాది.
ఈ సందులో రేటు పడకపోద్దా అని
అప్పలకొండ బుట్ట చుట్టూ తిరుగుతాడు.
రెండువేలా మూడొందల దగ్గర ఆపాను.
నాకు గుర్తుంది, అప్పలకొండా.

రెప్ప లేవని రోజుల్లో ఎర్రాజీ పాడతాడు,
నేను వేళ్ళతో అంకెలు చూపిస్తాను.
వాడి గొంతింకా పచ్చి.
పెద్ద అంకె దగ్గర తడబడతాడు.
ఈరోజు కూడా తడబడ్డాడు,
నా వైపు చూశాడు.

బిళ్ళ వేసి అప్పటికి నలభై నిమిషాలు.
నాలిక పైకి ఆనించి చూసుకున్నాను.
మూడువేలు, అన్నాను.
మూ. డు. వేలు.